పాత రేసు కారు ఫొటో: కింద రాసిన పేరు చివర్లో చదవాలి

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తీగ్ తీసిన ఒక ఫొటో ప్రపంచంలో చాలామంది చూసే ఉంటారు. దుమ్ము రోడ్డు మీద రేసు కారు ఒకటి దూసుకుపోతుంటుంది. దాని వెనక చక్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి ముందుకు వాలి ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడ్డ జనం మాత్రం వెనక్కి ఒరిగినట్టు కనిపిస్తారు. కారు మీద 6 అనే అంకె స్పష్టంగా చదవొచ్చు. దశాబ్దాలపాటు ఈ ఫొటో కింద 'డెలాజ్ కారు, ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ, 1912' అని వేస్తూ వచ్చారు. చిక్కేమిటంటే, 1912 జూన్‌లో ఫ్రాన్స్‌లోని దియెప్ ఊరి దగ్గర జరిగిన ఆ పోటీలో డెలాజ్ కంపెనీ అసలు పాల్గొననే లేదు. పోటీదారుల జాబితాతో సరిచూసుకున్నాక, అది ష్నైడర్ కంపెనీ కారని, నడుపుతున్నది క్రోకే అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

మ్యూజియంల గోడల మీద వేలాడే ఫొటోకే ఇలా జరిగితే, వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో రోజూ తిరిగే 'వందేళ్ల కిందటి రేసు కారు' ఫొటోల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు ఒక పేరు పెడతారు, తర్వాతివాళ్లు అదే పేరు కాపీ చేస్తారు, పదేళ్లు గడిచేసరికి అదే నిజమైపోతుంది. అసలు ఆ కారు నడిపినవాడి పేరు, పక్కన కూర్చుని ప్రాణం పణంగా పెట్టిన మెకానిక్ పేరు ఎక్కడా మిగలవు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

చాలామంది చేసే పని ఏంటంటే, ఫొటో చూడగానే 'ఇది మెర్సిడెస్‌లా ఉందే' అని ముందే ఒక పేరు అనేసుకుని, ఆ తర్వాత దానికి సాక్ష్యాలు వెతుక్కుంటారు. పద్ధతి దీనికి తలకిందులుగా ఉండాలి. ఇది ఏ కారు కాదో తేల్చుకుంటూ, ఒక్కొక్క పేరూ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒకటో రెండో మిగులుతాయి. అప్పుడు మాత్రమే ఫొటో కింద ఏం రాసి ఉందో చూడాలి. 1894లో జరిగిన పారిస్-రువాన్ పోటీ నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి నెల ముందు లియాన్‌లో జరిగిన 1914 గ్రాండ్ ప్రీ వరకు, అంటే ఇరవై ఏళ్ల కాలానికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎందుకంటే ఆ ఇరవై ఏళ్లలో రేసు కారు రూపం దాదాపు ఏటేటా మారిపోయింది, మార్పులు చాలావరకు కంటికి కనిపించేవే.

ముందు రంగు గురించి చెప్పుకోవాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 1900లో దేశాల మధ్య కార్ల పోటీ అయిన గోర్డన్ బెనెట్ కప్ మొదలైనప్పుడు దేశానికో రంగు ఇచ్చారు: ఫ్రాన్స్‌కు నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియంకు పసుపు, అమెరికాకు ఎరుపు. బ్రిటన్‌కు ఆకుపచ్చ ఆ తర్వాత వచ్చింది, ఎరుపు కొన్నేళ్లకు ఇటలీ రంగుగా స్థిరపడింది. ఇది తెలిసినవాళ్లు ఫొటోలో తెల్లగా ఉన్న కారు చూసి వెంటనే జర్మనీ అనేస్తారు. కానీ అప్పట్లో కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లకు మన కంటికి కనిపించినట్టు రంగులు కనిపించేవి కావు. మామూలు ప్లేట్లు నీలం, ఊదా కాంతికి మాత్రమే స్పందించేవి. ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు వచ్చాక పచ్చ, పసుపు కొంత పట్టుకున్నా, ఎరుపు మాత్రం నల్లగానే పడేది. అన్ని రంగులనూ పట్టుకునే ప్లేట్లు 1906 నుంచే అమ్మకానికి ఉన్నా పత్రికల ఫొటోగ్రాఫర్లు వాటి జోలికి పెద్దగా వెళ్లలేదు. దీనివల్ల ఫొటోలో ఏమవుతుందంటే, ఫ్రెంచ్ కారు నీలం లేత బూడిద రంగులోకి, ఒక్కోసారి దాదాపు తెలుపులోకి దిగిపోతుంది, ఇటలీ ఎరుపు తారులా నల్లగా కనిపిస్తుంది, బ్రిటన్ ముదురు ఆకుపచ్చా నలుపుకు దగ్గరగానే పడుతుంది. అంటే ఫొటోలో తెల్లటి కారు జర్మనీది కావచ్చు, ఫ్రాన్స్‌ది కూడా కావచ్చు. నల్లటి కారు ఇటలీదో బ్రిటన్‌దో, లేక అసలు నలుపు రంగే వేసిన కారో కావచ్చు. ఆ కాలపు ఫొటోల్లో ఆకాశం మబ్బు తునక కూడా లేకుండా ఖాళీగా, తెల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే. ఆకాశం అలా ఉంటే ఇక కారు రంగు మీద పందెం కాయకపోవడం మంచిది.

ఈ విషయం మనుషులకూ వర్తిస్తుంది. 1903లో ఐర్లండ్‌లో జరిగిన గోర్డన్ బెనెట్ కప్ గెలిచిన బెల్జియన్ డ్రైవర్ కమీల్ యెనాట్జీకి ఎర్రగడ్డం. దాన్ని చూసే 'ఎర్ర దెయ్యం' అని పిలిచేవాళ్లు. ఫొటోల్లో ఆ గడ్డం ముదురుగా, నల్లగా పడుతుంది. 'ఎర్రగడ్డం కదా, లేత రంగులో ఉండాలి, కాబట్టి ఇతను యెనాట్జీ కాదు' అని ఎవరైనా వాదిస్తే ఆ వాదన అక్కడే పడిపోతుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన తలనొప్పి, కంప్యూటర్‌తో రంగులు వేసిన ఫొటోలు. సాఫ్ట్‌వేర్‌కు ఫొటోలోని బూడిద రంగు తప్ప ఇంకేమీ తెలియదు, కాబట్టి ఎర్రటి ఫియట్‌ను నల్లగానూ, నీలం ప్యూజోను తెల్లగానూ చూపించేసి ఊరుకుంటుంది. అలాంటి ఫొటో చేతికొస్తే దాని అసలు నలుపు తెలుపు కాపీ వెతికి పట్టుకునేదాకా ఏమీ తేల్చకూడదు.

రంగు పక్కన పెట్టాక చూడాల్సింది కారు ముక్కు. రేడియేటర్ ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్న ఒక్క ప్రశ్న సగం పేర్లను కొట్టేస్తుంది. 1890ల చివరి నుంచి 1902 దాకా పనార్, మోర్స్ లాంటి కార్లకు ముందువైపు కింద, ఇరుసు దగ్గర, రేకులు చుట్టిన గొట్టాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. బానెట్ వేరుగా, ఆ గొట్టాలు వేరుగా ఉంటాయి. 1901లో నీస్ పోటీలకు వచ్చిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ ఈ రూపాన్ని మార్చేసింది. తేనెపట్టులాంటి గదులున్న నిలువు రేడియేటర్‌ను బానెట్‌కు సరిగ్గా ముందు నిలబెట్టింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. కాబట్టి 'పారిస్-బోర్డో, 1895' అని రాసున్న ఫొటోలో కారుకు ముందు నిలువు తేనెపట్టు రేడియేటర్ ఉంటే ఆ తేదీ తప్పని చెప్పడానికి ఇంకేం చూడక్కర్లేదు. 1895లో ఎమిల్ లెవస్సోర్ 1,178 కిలోమీటర్లు దాదాపు ఒక్కడే 48 గంటల 48 నిమిషాల్లో నడిపిన పనార్‌కు అసలు గుండ్రటి స్టీరింగే లేదు, పడవ చుక్కానిలాంటి కడ్డీతో తిప్పేవాడు.

రెనో వేరే దారిలో వెళ్లింది. 1906 నాటి గ్రాండ్ ప్రీ కారులో రేడియేటర్‌ను ఇంజిన్ వెనక్కి, డ్రైవర్ కాళ్ల దగ్గరికి తెచ్చి, బానెట్‌ను ముందుకు పల్లంగా వాలేలా చేసింది. ముందు నుంచి చూస్తే ముక్కు నున్నగా మూసేసి ఉంటుంది. ఈ రూపం చూడగానే రెనో అనేయడం అలవాటైపోయింది, తొంభై పాళ్లు అది నిజం కూడా. అయితే ఫ్రాన్స్‌లో మరికొన్ని కంపెనీలు కూడా ఆ తర్వాతి ఏళ్లలో తమ మామూలు రోడ్డు కార్లకు ఇదే పద్ధతి వాడాయి, అందుకే ఈ ఒక్క గుర్తుతో ఆగిపోకూడదు. బ్రిటిష్ కంపెనీ నేపియర్ సంగతి ఇంకా వింత. 'సామ్సన్' అని పేరుపెట్టిన వాళ్ల రికార్డు కారులో నీళ్ల గొట్టాలు బానెట్ పక్కల బయటే వరసగా పరుచుకుని ఉంటాయి, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. 1914 మెర్సిడెస్‌ది ముందుకు పొడుచుకొచ్చిన వీ ఆకారం, పక్క నుంచి తీసిన ఫొటోలో కూడా ఆ మొన తెలిసిపోతుంది.

తర్వాత వెనక చక్రం. దాని ముందు, ఛాసిస్ పక్కన, పళ్ల చక్రం ఒకటి, అక్కడి నుంచి వెనక చక్రం దాకా లావుపాటి చైన్ కనిపిస్తే అది చైన్ కారు. ఏమీ లేకుండా శుభ్రంగా ఉండి, రెండు వెనక చక్రాల మధ్య ఇరుసు మీద ఉబ్బెత్తు కనిపిస్తే షాఫ్ట్ కారు, అంటే చైన్‌కు బదులు తిరిగే కడ్డీతో చక్రాలకు శక్తి అందే కారు. రెనో మొదటి నుంచీ షాఫ్ట్‌నే నమ్ముకుంది. 'రెనో' అని రాసున్న రేసు కారుకు చైన్ కనిపిస్తే అనుమానించాల్సింది కారును కాదు, ఆ రాతను. 'చైన్ పాతది, షాఫ్ట్ కొత్తది' అని తేలిగ్గా విడగొట్టేయడం కూడా కుదరదు. 1908లో దియెప్‌లో గ్రాండ్ ప్రీ గెలిచిన మెర్సిడెస్‌కు చైనే ఉంది. ఇంకా ఆశ్చర్యం, 1912లో కూడా 14 లీటర్ల ఫియట్, 15 లీటర్ల లొరేన్-దియెట్రిచ్ చైన్లతోనే పోటీకి వచ్చాయి. ఆ ఏడాది గెలిచిన ప్యూజో ఇంజిన్ 7.6 లీటర్లే, అయినా వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లు రెండు తలమీద పెట్టుకున్న కొత్త తరహా ఇంజిన్, షాఫ్ట్ డ్రైవ్. కాబట్టి 1912 దియెప్ ఫొటో అని ఖాయమైతే, చైన్ కనిపించిన భారీ కారు ఫియట్ లేదా లొరేన్ అని దాదాపు చెప్పేయొచ్చు. ఒకే గుర్తు ఒక ఏడాదిలో ఏమీ చెప్పకపోవచ్చు, ఇంకో ఏడాదిలో కథంతా చెప్పేయొచ్చు. తేదీ ముందు తేల్చుకోవాలి అనేది అందుకే.

చక్రాలు కూడా అలాంటివే. కట్టెతో చేసిన లావుపాటి ఆకుల చక్రాలు ఈ కాలంలో చాలా ఏళ్లు రాజ్యమేలాయి. 1906 జూన్‌లో లె మాన్ దగ్గర జరిగిన మొదటి గ్రాండ్ ప్రీలో రెనో, ఫియట్, క్లెమాన్-బయార్ కార్లు మిషెలిన్ కంపెనీ చేసిన ఊడదీసే రిమ్ములు వాడాయి. పెద్ద ఫొటో దొరికితే రిమ్ము చుట్టూ నట్లు వరసగా కనిపిస్తాయి. ఇవి లేని కార్లలో డ్రైవర్, మెకానిక్ ఇద్దరే ఆ వేసవి ఎండలో టైరును కత్తితో కోసి పీకి, కొత్తది ఎక్కించి, గాలి నింపుకోవాల్సి వచ్చింది. ఇతరులు సాయం పట్టకూడదని రూలు. రిమ్ము మార్చే కార్లకు ఆ పని కొద్ది నిమిషాల్లో అయిపోయేది. రెనో మీద ఫెరెంక్ సిస్ గెలవడానికి ఇంజిన్ ఎంత కారణమో ఆ నట్లూ అంతే కారణం. సన్న తీగల చువ్వలతో, మధ్యలో ఒకే పెద్ద నట్టుతో ఉండే రడ్జ్-విట్‌వర్త్ చక్రాలు బ్రిటన్‌లో ముందుగానే ఉన్నాయి, కానీ 1908 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో మొత్తం చక్రాన్నే ఊడదీసి మార్చడాన్ని ఒప్పుకోలేదు, దానికి కోపం వచ్చి నేపియర్ పోటీ నుంచే తప్పుకుంది. కాబట్టి '1908 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో నేపియర్' అని రాసున్న ఫొటో కనిపిస్తే నమ్మాల్సిన పని లేదు.

టైర్ల రంగు కూడా కొంత చెబుతుంది. రబ్బరులో నల్లటి కార్బన్ పొడి కలపడం 1910ల నుంచే విరివిగా మొదలైంది, అంతకుముందు టైర్లు లేత రంగులో ఉండేవి. అయితే తెల్లగా ఉన్నది రబ్బరో, దానికి పట్టిన రోడ్డు దుమ్మో ఫొటోలో తేల్చడం కష్టం, దీన్ని పక్క సాక్ష్యంగా మాత్రమే వాడుకోవాలి.

ఇక బ్రేకులు. 1914 లియాన్ గ్రాండ్ ప్రీకి ప్యూజో, డెలాజ్, ఫియట్, పిక్కార్-పిక్టే నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టుకొచ్చాయి, మెర్సిడెస్‌కు వెనక మాత్రమే ఉన్నాయి. ముందు చక్రం మధ్యలో పెద్ద బ్రేకు డ్రమ్ము కనిపిస్తే అది మెర్సిడెస్ కాదు, అంతే. ఆ ఏడాది ప్యూజో తోకలో స్పేర్ చక్రాలు నిలబెట్టి ఉంటాయి, వెనక నుంచి తీసిన ఫొటోల్లో అదే పెద్ద గుర్తు.

రూల్స్ కారు ఆకారాన్ని ఎంతగా శాసించాయో చెప్పే ఉదాహరణ చిన్న కార్ల పోటీల్లో దొరుకుతుంది. ఆ పోటీల నిర్వాహకులు ఇంజిన్ సిలిండర్ వెడల్పుకు పరిమితి పెట్టారు, పొడవును పెద్దగా పట్టించుకోలేదు. దాంతో లయన్-ప్యూజో ఇంజినీర్లు సిలిండర్‌ను పైకి పెంచుకుంటూ పోయారు, 1910 నాటికి 80 మిల్లీమీటర్ల వెడల్పుకు 280 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) దాకా వెళ్లారు. ఇంజిన్ ఎంత ఎత్తయిందంటే బానెట్ నిలువు పెట్టెలా లేచి నిలబడి, డ్రైవర్ దాని పక్క నుంచి తొంగిచూస్తూ నడపాల్సి వచ్చింది. డ్రైవర్లు జూల్ గూ, జార్జ్ బొయ్యో ఇద్దరూ ఆ కార్లలోనే రాటుదేలారు. ఇంత సన్నగా, ఇంత ఎత్తుగా బానెట్ ఉన్న చిన్న కారు ఫొటో దొరికితే 1909, 1910 ప్రాంతం అని ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. అదే సైజు కారుకు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒకే స్ప్రింగు పట్టీ ఉండి, రెండు చక్రాలూ దేనికది కదిలేలా కనిపిస్తే సిజేర్-నోడాన్ అనే ఫ్రెంచ్ కంపెనీ వైపు చూడాలి.

నంబరు సంగతి ఇంత ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. నంబరు కనిపించగానే ఇక పని అయిపోయిందనుకుంటారు, నిజానికి పోటీ ఏదో తెలియకుండా నంబరుకు విలువే లేదు. అయితే నంబరు రాసిన పద్ధతి మాత్రం చాలా విలువైంది. 1906 గ్రాండ్ ప్రీలో ఒక్కో కంపెనీకి ఒక అంకె ఇచ్చి, దాని మూడు కార్లకు ఏ, బీ, సీ అక్షరాలు తగిలించారు. సిస్ నడిపిన రెనో 3ఏ, రెండో స్థానంలో వచ్చిన ఫెలీచే నజారో ఫియట్ 2బీ. 1907లో దాన్ని తిప్పేశారు, ముందు కంపెనీ పేరులోని అక్షరం, తర్వాత అంకె: గెలిచిన నజారో ఫియట్ ఎఫ్2, రెండోవాడైన సిస్ రెనో ఆర్1. 1908లో అక్షరాలు పోయి ఉత్త అంకెలే మిగిలాయి, గెలిచిన లాటెన్‌ష్లాగర్ మెర్సిడెస్ మీద 35 ఉంటుంది. కాబట్టి ఫొటోలో అంకె ముందుండి అక్షరం వెనకుంటే 1906, అక్షరం ముందుంటే 1907, ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ వరకు ఈ లెక్క సరిపోతుంది. కారు మసకగా ఉన్నా, సగమే కనిపిస్తున్నా, ఆ రెండు గుర్తుల వరస ఒక్కటి చదవగలిగితే ఏడాది తేలిపోయినట్టే.

ఊరి నుంచి ఊరికి జరిగిన పోటీల్లో నంబర్లు వందల్లోకి వెళ్లేవి. 1903 పారిస్-మాడ్రిడ్‌లో గాబ్రియేల్ నడిపిన మోర్స్ నంబరు 168. తిరగేసిన పడవ అడుగులా మొనదేలిన దాని ముందు భాగం ఇంకే కారుతోనూ కలవదు. అదే పోటీలో ప్రాణం పోగొట్టుకున్న మార్సెల్ రెనో కారు నంబరు 63. ప్రమాదాలు వరసగా జరగడంతో పోటీని బోర్డోలోనే ఆపేశారు, మాడ్రిడ్‌కు ఎవరూ చేరలేదు. కాబట్టి 'మాడ్రిడ్‌లో విజేత' అని రాసిన ఫొటో ఏది కనిపించినా అది అబద్ధమే. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి: మార్సెల్, అతని తమ్ముడు లూయీ ఇద్దరూ నడిపినవి 650 కిలోలలోపు తేలికరకం కార్లు. అదే రోజు పరుగెత్తిన పెద్ద పనార్, మోర్స్, మెర్సిడెస్‌ల పరిమితి 1,000 కిలోలు. పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కంటికి తెలుస్తుంది, నంబరు చెరిగిపోయిన ఫొటోల్లో ఇదే ఆధారం.

ఒకే కారుకు రెండు మూడు నంబర్లు ఉండటం ఇంకో చిక్కు. అమెరికన్ లోకోమొబిల్ కారు ఒకటి అమెరికాలో జరిగే వాండర్‌బిల్ట్ కప్ పోటీలో 1906లో జో ట్రేసీ చేతిలో 9 నంబరుతో పరుగెత్తింది. రెండేళ్ల తర్వాత అదే పోటీలో జార్జ్ రాబర్ట్‌సన్ 16 నంబరుతో ఆ కారునే గెలిపించాడు. ఇప్పుడది మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో 16 నంబరుతోనే ఉంది, అందరూ దాన్ని 'ఓల్డ్ 16' అంటారు. ఫలితం ఏమిటంటే 9 నంబరున్న ఫొటోను ఇంకో కారు అనుకుంటారు, లేదా 16 నంబరున్న ప్రతి పాత లోకోమొబిల్‌నూ 1906లో పడేస్తారు. 1914లో లియాన్‌లో మొదటి మూడు స్థానాలూ ఎగరేసుకుపోయిన మెర్సిడెస్ జట్టు కారు ఒకటి అమెరికా చేరి, 1915లో రాల్ఫ్ డీ పాల్మా చేతిలో 2 నంబరుతో ఇండియానాపొలిస్ 500 గెలిచింది. మొన ముక్కు రేడియేటర్ చూసి 'లియాన్' అని రాసేస్తే పొరపాటే. కింద రోడ్డు ఇటుకలు పరిచి ఉందా, ఉత్త దుమ్ము రోడ్డా అని చూస్తే చాలు. ఇండియానాపొలిస్‌ది ఇటుకల ట్రాక్.

ఇప్పుడు మళ్లీ ఫొటో తీసిన కెమెరా దగ్గరకు రావాలి. ఆ కాలపు ప్రెస్ కెమెరాల్లో షట్టర్ అంటే ప్లేట్ ముందు ఒక సన్నటి చీలిక ఒక చివర నుంచి ఇంకో చివరకు జారుతూ పోవడం. ప్లేటంతా ఒకే క్షణంలో వెలుగు చూడదు. కెమెరా లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, చక్రం కింది భాగం ముందు నమోదై, చీలిక చక్రం పైభాగానికి చేరేలోపు కారు కొంచెం ముందుకు జరిగిపోతుంది. అందుకే చక్రం ముందుకు వాలిపోతుంది. ఫొటోగ్రాఫర్ కారుతోపాటు కెమెరాను తిప్పితే నిలబడ్డ మనుషులు ఎదురు వైపు వాలతారు. చీలిక అడ్డంగా కదిలే కెమెరా అయితే కారు వాలదు, కానీ నిజం కన్నా పొడవుగా సాగిపోతుంది, లేదంటే కుదించుకుపోతుంది. వేగంగా వెళ్తున్న కారు ఫొటోలో స్కేలు పెట్టి 'రెండు ఇరుసుల మధ్య ఇంత దూరం, కాబట్టి ఇది ఫలానా మోడల్' అని తేల్చడం ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. కొలతలు కావాలంటే బరువు తూచేటప్పుడో, స్టార్ట్ దగ్గరో ఆగి ఉన్న కారు ఫొటో వెతకాలి.

గాజు నెగటివ్‌ను తిరగేసి ప్రింట్ వేసిన ఫొటోలు కూడా తక్కువేం కాదు. నంబరు ఉంటే తిరగబడ్డ అంకె వెంటనే దొరికిపోతుంది, కానీ 8, 11 లాంటివి తిప్పినా అలాగే ఉంటాయి. అప్పుడు స్టీరింగ్ చూడాలి. 1914కు ముందు రేసు కార్లలో దాదాపు అన్నిటికీ డ్రైవర్ కుడివైపు, మెకానిక్ ఎడమవైపు. డ్రైవర్ ఎడమవైపు కనిపిస్తే కొత్త రకం కారు దొరికిందని సంబరపడేముందు ఫొటోను ఒకసారి అద్దంలోలా తిప్పి చూడటం మంచిది. కోటు గుండీలు ఏ పక్కన ఉన్నాయో, వెనకున్న దుకాణం బోర్డు అక్షరాలు ఎటు తిరిగాయో కూడా సాక్ష్యమే.

ఇదంతా అయ్యాక కింద రాసిన పేరు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం గాలికా వెబ్‌సైట్‌లో రోల్, మ్యూరిస్ లాంటి ఏజెన్సీల గాజు ప్లేట్లను పెద్ద సైజులో ఉచితంగా పెట్టింది, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బెయిన్ ఏజెన్సీ ప్లేట్లున్నాయి. రోల్ ప్లేట్ల మీద అప్పుడే చేత్తో రాసిన మాటలు ఎక్కువగా ఒకే వరసలో ఉంటాయి: ముందు తేదీ, తర్వాత ఊరు, పోటీ పేరు, ఆపైన ఫలానా డ్రైవర్ ఫలానా కారు మీద. ఇవి ఆఫీసులో కూర్చున్న మనిషి రాసినవి, డ్రైవర్ పేరు స్పెల్లింగ్ తప్పుండొచ్చు, కానీ ఆ రోజుల్లోనే రాసినవి కాబట్టి తేదీ, ఊరు విషయంలో నమ్మకం ఎక్కువ. నలభై యాభై ఏళ్ల తర్వాత ఏ పుస్తకం కోసమో, వేలం కోసమో రాసిన పేర్లతో వీటిని సమానంగా చూడకూడదు. అప్పటి పోస్టుకార్డులతో ఇంకో రకం జాగ్రత్త కావాలి. ప్రాక్టీసులో తీసిన ఫొటోనే పోటీ ఫొటోగా అమ్మిన సందర్భాలు ఉంటాయి. రోడ్డు పక్కన జనం లేకుండా, కారుకు నంబరు లేకుండా ఉంటే ప్రాక్టీసు అనే అనుమానంతోనే చూడాలి.

తేదీని బోల్తా కొట్టించేవి ఇంకో రకం ఉన్నాయి. 1927 నుంచి లండన్-బ్రైటన్ మధ్య పాత కార్ల పరుగు మళ్లీ మొదలైంది. 1900 నాటి కార్లు, వాటి మీద సరదాగా పాతకాలపు బట్టలు వేసుకున్న మనుషులు, తీసింది మాత్రం 1930లలో. కారు నిజంగానే పాతది కాబట్టి రేడియేటర్, చైన్, చక్రాలు అన్నీ సరిపోతాయి, ఏ గుర్తూ పట్టివ్వదు. కారును వదిలేసి వెనక చూడాలి: తారు రోడ్డు, దూరంగా ఆగి ఉన్న మూసిన బాడీ కారు, మోకాళ్ల దగ్గరే ఆగిపోయిన ఆడవాళ్ల గౌను, ఇలాంటిది ఏదో ఒకటి బయటపెడుతుంది.

1903 గోర్డన్ బెనెట్ ఫొటోల్లో ఒక పొరపాటు ఇంకా తిరుగుతూనే ఉంది. యెనాట్జీ గెలిచిన మెర్సిడెస్‌ను '90 హార్స్‌పవర్ కారు' అంటుంటారు. పోటీ కోసం తయారుచేసిన 90 హార్స్‌పవర్ కార్లు ఆ జూన్‌లో జర్మనీలోని కాన్‌ష్టాట్ ఫ్యాక్టరీలో మంటలు లేచి కాలిపోయాయి. కంపెనీ అప్పటికే కొనుక్కున్నవాళ్ల దగ్గర 60 హార్స్‌పవర్ కార్లు అడిగి తెచ్చుకుని పోటీకి దిగింది. యెనాట్జీ నడిపింది అమెరికన్ కోటీశ్వరుడు క్లారెన్స్ గ్రే డిన్స్‌మోర్ కారు. ఇది ఎంత జూమ్ చేసినా ఫొటోలో కనిపించే విషయం కాదు, ఆ వారం పత్రికలు చదివితేనే తెలిసేది. అందుకే ఇలాంటి ఫొటో పెట్టేటప్పుడు 'మెర్సిడెస్ 60, నంబరు 4, యెనాట్జీ, ఐర్లండ్, 1903 జూలై 2' అని రాసి, ఇందులో నంబరు ఫొటోలో చదివింది, డ్రైవర్ పేరు జాబితాలో చూసింది, హార్స్‌పవర్ పత్రికల్లో దొరికింది అని విడివిడిగా పక్కనే రాసేస్తే, రేపు వీటిలో ఒకటి తప్పని తేలినా మిగతావి నిలబడతాయి.